నవంబరు 6 గురించి మే నెలలోనే మాట్లాడుకోవాలి

ఈ సంచిక మీ చేతికి అందేసరికి కాలవలు కట్టేసి ఉంటాయి. దాళ్వా ధాన్యం కొందరికి మిల్లుకు చేరి ఉంటుంది, కొందరికి ఇంకా కల్లంలోనే బరకాల కింద ఉంటుంది. మే 15న ధవళేశ్వరంలోనూ రాజమండ్రిలోనూ డెల్టాలోని ఊరూరా కాటన్ దొర విగ్రహాలకు దండలు పడతాయి. 1803లో ఆయన పుట్టిన రోజది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించిన మనిషిని తలచుకోవడం మన ధర్మమే. ఇంగ్లండులో పుట్టిన దొరకు పిండప్రదానంలో చోటిచ్చిన గడ్డ మనది. దాని మీద నాకు పేచీ లేదు.

నేను రాయబోయేది వేరే తేదీ గురించి. దానికి విగ్రహం లేదు, దండ లేదు, ప్రభుత్వ క్యాలెండరులో ఎర్ర అంకె లేదు. మన సంఘం గోడ క్యాలెండరు తీసి నవంబరు నెల చూడండి. 1న రాష్ట్ర అవతరణ. 7న ఆచార్య ఎన్.జి.రంగా జయంతి. 19న రెండు సంగతులు గుర్తొస్తాయి: 1977లో దివిసీమను ఉప్పెన ముంచిన రోజు, 2021లో మూడు సాగు చట్టాలను వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని ప్రకటించిన రోజు. 26న ఢిల్లీ సరిహద్దులకు రైతులు కదిలిన రోజు, 2020లో. ఇక 6వ తేదీ గడి చూడండి. ఖాళీ.

1996 నవంబరు 6, బుధవారం. ధాతు నామ సంవత్సరం, నాలుగు రోజుల్లో దీపావళి. ఆ రాత్రి తుపాను కాకినాడకు దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరాన మన తీరం దాటింది. చుట్టుకొలతలో చిన్న తుపాను. చిన్నదైనందుకే దాని బలమంతా కోనసీమ మీద, దాని చుట్టుపక్కల మీద కుమ్మరించి పోయింది. అధికారిక లెక్కలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు పోయి తిరిగిరాని మత్స్యకారులు వందల్లో ఉన్నారు. గౌతమి మొగ దగ్గరి భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు అప్పటిదాకా బయటి జనానికి తెలియవు. ఆ వారం పత్రికలన్నిటా అవే పేర్లు.

తుపాను తీరం దాటేటప్పుడు దాని కన్నుకు ఉత్తరం వైపున గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి తోస్తుంది, దక్షిణం వైపున నేల మీది నుంచి సముద్రంలోకి లాగుతుంది. అందుకని ఒకే తుపానులో ఒక ఊరికి ఉప్పెన వస్తే, కాస్త దక్షిణాన ఉన్న మరో ఊరికి గాలీ వానా మాత్రమే వస్తాయి. ఆ రాత్రి మొగల దగ్గరున్న ఊళ్లు ఉత్తరం వైపున పడ్డాయి. పోయింది ప్రాణాలు. లోపలి ఊళ్లలో పోయింది ఇళ్ల కప్పులు, కొబ్బరి చెట్లు, కోతకొచ్చిన సార్వా వరి.

కొబ్బరి సంగతి కొంత వివరంగా చెప్పాలి. వరి పోతే ఒక పంట పోయినట్టు. కొబ్బరి చెట్టు పోతే, మళ్లీ మొక్క నాటితే ఆరేడేళ్లకు గాని కాపు రాదు. అదీ పూర్తి కాపు కాదు. 1996లో మొవ్వులు విరిగి నిలబడ్డ మోడులను చూసి కోనసీమ రైతు పంట లెక్క వేసుకోలేదు, పిల్లల చదువు లెక్క, పెళ్లి లెక్క వేసుకున్నాడు. ఆ తరంలో ఎందరు అప్పటి నుంచే కాకినాడకూ హైదరాబాదుకూ వలసబాట పట్టారో మన ఊళ్లలో వీధివీధికీ తెలుసు.

2026 నవంబరు 6కి దీనికి ముప్పై ఏళ్లు నిండుతాయి. ఆ రోజున సభ పెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించి ఇళ్లకు పోవచ్చు. ఆ మాత్రం చేసినా సంతోషమే. కాని నవంబరు 6న మన పొలంలో వరి ఏ దశలో ఉంటుందో నవంబరులో తేలదు. మేలోనూ జూన్‌లోనూ తేలుతుంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

లెక్క చాలా చిన్నది. సార్వాలో మన డెల్టా రైతుకు ఎన్నాళ్లగానో చేతికి అలవాటైన రకం స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన విత్తనం. దాని కాలం సుమారు 150 రోజులు. జూన్ 1న నారుమడిలో గింజ పడితే అక్టోబరు 29కి కోతకొస్తుంది. జూన్ 20న పడితే నవంబరు 17. జూలై 10న పడితే డిసెంబరు 7.

ఇప్పుడు ఆ మూడు తేదీల పక్కన తుపానుల తేదీలు పెట్టి చూడండి. 1839 నవంబరు 25న కోరంగి రేవును ఉప్పెన ముంచేసింది, అది మళ్లీ పాత దశకు రానే లేదు. 1977 నవంబరు 19న దివిసీమ. 1996 నవంబరు 6న కోనసీమ. 2012 నవంబరు మొదటి వారంలో నీలం తుపాను అవశేషం. తమిళనాడులో తీరం దాటింది, మనకేం కాదులే అనుకుంటే, వాన తెచ్చి గోదావరి జిల్లాల పొలాలను చెరువులు చేసింది. 2013 నవంబరు 22న హెలెన్, మచిలీపట్నం దగ్గర. 2023 డిసెంబరు 5న మిచౌంగ్, బాపట్ల దగ్గర. కోసిన పనలు మొలకలెత్తాయి. జూన్ 20 తరవాత నారు పోసిన రైతు తన పంటను తెలిసి తెలిసి ఈ వరుసలోకే నెడుతున్నాడు. తుపాను వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. వస్తే ఏ వారాల్లో వస్తుందో రెండువందల ఏళ్ల లెక్క చెబుతూనే ఉంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. నవంబరు తుపానుకు ముందే కోత ముగించాలని మార్టేరు శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. 2022లో ప్రభుత్వమే జూన్ 1న గోదావరి డెల్టాకు నీళ్లు వదిలి, నవంబరు తుపానులు రాకముందే సార్వా మాసూళ్లు పూర్తి కావాలన్నది లక్ష్యమని ప్రకటించింది. నీళ్లు వచ్చాయి. నారుమళ్లు అన్నిచోట్లా పడ్డాయా? మీ ఊరి సంగతి మీకే తెలుసు.

ఎందుకు పడలేదంటే అధికారులు ఒకే మాట చెబుతారు: రైతులు ముందుకు రావడం లేదు, అలవాటు మానడం లేదు. ఈ మాట విని విని విసుగొచ్చింది. జూన్ 1న నారు పోయాలంటే రైతు చేతిలో ఏముండాలి? మొదట దాళ్వా డబ్బులుండాలి. ఏప్రిల్‌లో తోలిన ధాన్యం సొమ్ము జూన్ దాకా ఖాతాలో పడకపోతే విత్తనం దేనితో కొంటాడు, దుక్కి దేనితో దున్నిస్తాడు? రెండు, నారుమడి మునగదన్న నమ్మకం ఉండాలి. జూన్‌లో నారు పోస్తే జూలైలో ఊడ్పులు, జూలై ఆగస్టుల్లో వానలు. డ్రెయిన్లో నీరు లాగకపోతే నారుమడి కుళ్లుతుంది, ఊడ్చిన చేను కుళ్లుతుంది, రెండోసారి నారు, రెండోసారి ఊడ్పు ఖర్చు. దీనికి భయపడే పల్లపు భూముల రైతు వానల తీరు చూసి ఆలస్యంగా దిగుతాడు. వాడిది బద్ధకం కాదు, లెక్క. ఆగస్టు నీటికి భయపడి నవంబరు గాలికి ఎదురెళ్తున్నాడు. రెండింటిలో ఏది ఖాయంగా వస్తుందో వాడికి తెలుసు: మునక ఏటా వస్తుంది, తుపాను కొన్నేళ్లకొకసారి వస్తుంది.

కాబట్టి నవంబరు 6 అసలు ముడి డ్రెయిన్లో ఉంది.

డెల్టాకు నీళ్లు తెచ్చే కాలవ ఎంత ముఖ్యమో నీళ్లు తీసుకుపోయే మురుగు కాలవా అంతే ముఖ్యం. కాటన్ కాలంలో మొదటి బాధ నీళ్లు లేకపోవడం. ఆ బాధ తీరాక రెండో బాధ మొదలైంది, నీళ్లు పోకపోవడం. కృష్ణా గోదావరి డెల్టాల మురుగు సమస్య మీద 1960లలోనే మిత్రా కమిటీ వేశారు. అరవై ఏళ్లు. కమిటీ సిఫార్సుల పేరు చెప్పి మన తాతల దగ్గర డ్రెయినేజి సెస్సు కూడా వసూలు చేశారు. 1996 తరవాత ప్రపంచ బ్యాంకు రుణంతో తుపాను పునరుద్ధరణ పథకం వచ్చింది, అందులోనూ డ్రెయిన్ల పనులున్నాయి. ఆ తరవాత డెల్టా ఆధునికీకరణ అన్నారు. ప్రతి విడతలోనూ కొంత పని జరిగింది, అబద్ధం చెప్పకూడదు. కాని డ్రెయిను పని ఒకసారి చేసి వదిలేసేది కాదు. ఇంటి చూరు కింద బోదె లాంటిది, ఏటా గీసుకోవాలి.

కోనసీమలో కూనవరం డ్రెయిను, వాసాలతిప్ప డ్రెయిను, పంచనది. పశ్చిమాన యనమదుర్రు, నక్కల డ్రెయిన్లు. పేర్లు ఏవైనా కథ ఒకటే. పైన గుర్రపు డెక్క, మధ్యలో పూడిక, చివర మొగ దగ్గర ఇసుక మేట. పోటు సమయంలో సముద్రపు నీరు ఎదురు తన్నకుండా అవుట్‌ఫాల్ స్లూయిజులకు తలుపులుండాలి. తలుపు తుప్పు పట్టి తెరుచుకునే ఉంటే ఉప్పునీరు చేలోకి వస్తుంది. మూసుకుని బిగుసుకుపోతే వాననీరు బయటికి పోదు. రెండు చోట్లా పంట పోతుంది, ఒక చోట ఉప్పుతో, ఒక చోట మంచినీటితో.

ఈ డ్రెయిన్లను బాగుచేసే సమయం ఏది? కాలవలు కట్టేసిన ఈ కొద్ది వారాలే. ఏప్రిల్ చివర నీళ్లు ఆపి జూన్ మొదట్లో వదిలితే నిండా నలభై రోజులు లేవు. ఈ నలభై రోజుల్లో తూరలు, షట్టర్లు, లాకులు, పూడికతీత అన్నీ ముగియాలి. జరిగేదేమిటి? అంచనాలు మార్చిలో వేస్తారు, మంజూరు మేలో వస్తుంది, టెండరు మే చివర పిలుస్తారు. గుత్తేదారు యంత్రం దింపేసరికి కాలవలో నీళ్లు. నీళ్లలో పూడిక తీశారో లేదో ఎవరు కొలుస్తారు? బిల్లు మాత్రం కొలత ప్రకారమే రాస్తారు. గుర్రపు డెక్క మీద మందు కొట్టి అది ఎండి మునిగితే శుభ్రమైందంటారు. ఆగస్టుకు అది మళ్లీ తేలుతుంది.

ఇంకొకటుంది, మనలో కొందరికి రుచించకపోయినా రాయక తప్పదు. డ్రెయిను గట్టు తవ్వి చేనులో కలుపుకున్నవాడు కాంట్రాక్టరు కాదు, పక్క రైతే. పంట బోదెను పూడ్చి చెరువు గట్టు పోసినవాడు మన మండలంవాడే. చేపల చెరువుకూ రొయ్యల చెరువుకూ వరిచేనుకూ మధ్య ఉన్న మురుగు బోదె మూసుకుపోతే, పై ఇరవై ఎకరాల నీరు ఎవరి చేలో నిలబడాలి? ఇలాంటి తగాదాలు మన సంఘానికి వచ్చినప్పుడు ఇద్దరూ సభ్యులే కదా అని సర్దిచెప్పి పంపేస్తున్నారు. సర్దుబాటు పత్రం మీద సంతకాలు పడతాయి, నీరు మాత్రం అక్కడే ఉంటుంది. ప్రభుత్వాన్ని డ్రెయిను తవ్వమని అడిగే సంఘం ముందు తన సభ్యుడి ఆక్రమణ గురించి నోరు విప్పాలి.

కొందరు మరో ప్రశ్న వేస్తారు. అక్టోబరు చివరికే కోసేస్తే గండం తప్పుతుందా? 2013లోనూ 2014లోనూ అక్టోబరు 12నే తుపాను తీరం దాటింది కదా, ఒక ఏడు ఒడిశాలో ఫైలిన్, మరో ఏడు విశాఖలో హుద్‌హుద్. 2025లో మొంథా అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గరే తీరం దాటింది. అంటే సకాలంలో నారు పోసి సరిగ్గా కోతకు సిద్ధమైన చేనే ఎక్కువ దెబ్బతినేది. నిజం. దీన్ని దాటవేయలేం. ముందు వేసిన పంటకు తుపాను బెడద పోదు, తగ్గుతుంది. వారం పది రోజులు ముందైనా కొన్ని ఎకరాలైనా ఒబ్బిడి అవుతాయి. రెండోది, పొట్ట మీదా పూత మీదా ఉన్న చేనుకూ, పండి బరువెక్కిన చేనుకూ, కోసి పరిచిన పనలకూ నష్టం వేరువేరు. మూడోది, మొంథా అయినా మిచౌంగ్ అయినా, గాలికి పడిపోయిన చేను రెండు రోజుల్లో నీరు లాగితే సగమైనా చేతికొస్తుంది. వారం నిలబడితే మొలకెత్తుతుంది. మళ్లీ డ్రెయిను దగ్గరికే వచ్చాం.

రకాల మార్పు గురించి కూడా రెండు మాటలు. స్వర్ణ ఒక్కదాన్నే పట్టుకుని ఉండక తప్పదా అంటే, తప్పుతుంది. అదే మార్టేరు కేంద్రం ఇచ్చిన ఎం.టి.యు. 1010కి పేరే కాటన్‌దొర సన్నాలు. సుమారు 120 రోజుల పంట. జూలై 1న నారు పోసినా అక్టోబరు 29కే వస్తుంది. ఆలస్యమైన పల్లపు భూములకు ఇలాంటి తక్కువ కాలం రకాలను చూసుకోవాలి. అయితే గింజకు నిద్రావస్థ ఎన్ని రోజులో విత్తనం కొనేటప్పుడే అడగండి. రెండు వారాల నిద్రావస్థ ఉన్న రకం నీళ్లలో పడినా వెంటనే మొలకెత్తదు. అది లేనిది రెండు మూడు రోజులకే మొలక వేస్తుంది. దిగుబడిలో బస్తా రెండు బస్తాలు తగ్గితే తగ్గవచ్చు. ఆ తేడాను మిల్లరు కూడా ధర కోసి పెంచకుండా చూడాల్సింది కొనుగోలు కేంద్రం. 17 శాతం తేమ దాటిందని, రంగు మారిందని తుపాను వారంలో బస్తాకు కిలోలు కోసే పద్ధతి ఉన్నంతకాలం ఏ రకం వేసినా రైతుకు ఒకటే.

ఇక పరిహారం. 1996లో పోయినదానికి సాయం అందింది. ఎవరికి అందింది? పొలం ఎవరి పేరున ఉందో వారికి. చేను దున్నింది, ఊడ్చింది, అప్పు తెచ్చింది కౌలుదారు. గోదావరి డెల్టాలో సాగు భూమిలో ఎక్కువ భాగం కౌలు చేతుల్లోనే ఉందని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. జయతీ ఘోష్ అధ్యక్షతన రాష్ట్ర రైతు సంక్షేమ కమిషన్ 2004లోనే కౌలు రైతును గుర్తించి రుణాలూ సాయాలూ అందించాలని చెప్పింది. 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల కార్డు. దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. సంతకం అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందేమోనని కౌలుదారు భయం. ఇద్దరి భయాల మధ్య కార్డు ఆగిపోతుంది. నవంబరులో తుపాను వచ్చి 33 శాతానికి మించి పంట పోయిందని అధికారులు రాసుకునేటప్పుడు ఈ-పంటలో ఎవరి పేరుందో వారికే డబ్బు. అందుకని కౌలు కార్డుకూ నవంబరు 6కూ నేరుగా సంబంధముంది. ఆ సంతకం పడాల్సింది జూన్, జూలైల్లో. తుపాను వచ్చాక ఎవరి గుమ్మం తొక్కినా ఉపయోగం లేదు.

భూమి ఉన్న మన సభ్యులకు ఒక మాట. ఆ కార్డు మీద సంతకం పెడితే మీ హక్కు పోదు. ఆ చట్టమే ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది. మీకు శిస్తు బస్తాలు రావాలన్నా కౌలుదారు వచ్చే ఏడు పొలంలో నిలబడాలి కదా.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దాదాపు లక్ష ఎకరాలు బీడు పడ్డాయి. దేశమంతా ఆశ్చర్యపోయింది, నీళ్లున్న చోట సాగు మానడమేమిటని. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. అప్పుడు రైతులు చెప్పిన కారణాల్లో ధర ఒకటి, కూలి ఖర్చు ఒకటి, మునక ఒకటి. మునక అన్న మాట ఎవరికీ పెద్దగా వినబడలేదు. ఏటా సార్వా మునిగి దాళ్వాతో పూడ్చుకోవడం, దాళ్వా ఆలస్యమై సార్వా ఆలస్యం కావడం, ఆ సార్వా మళ్లీ తుపానుకు చిక్కడం. ఈ గానుగ చుట్టు తిరగలేకే పొలాన్ని వదిలేశారు. ఆ గానుగను నడిపేది క్యాలెండరు. దాళ్వాకు ఏప్రిల్ చివరి దాకా వంతులవారీ నీళ్లు సాగదీస్తే, కాలవ పనులకు మే మిగలదు. మే పనులు జరగకపోతే జూన్ నారు పడదు. జూన్ నారు పడకపోతే నవంబరు 6న చేను చేలోనే ఉంటుంది.

దీని మీద సంఘం ఏం చేయాలన్నది జిల్లా మహాసభల్లో తేల్చుకోవాలి. నా ఆలోచన మాత్రం ఇది. ఈ నెల 15న కాటన్ విగ్రహం దగ్గరికి దండతో పాటు ఒక కాగితం కూడా తీసుకువెళ్దాం. అందులో మన మండలంలోని ప్రతి డ్రెయిను పేరు, దాని మీద ఈ వేసవిలో మంజూరైన పని, మొదలైన తేదీ, గడువు తేదీ రాసుందాం. మొదలు కాని పని ఎదుట ఖాళీ వదిలేద్దాం. జయంతికి వచ్చే మంత్రికీ కలెక్టరుకూ జలవనరుల శాఖ ఇంజనీరుకూ ఆ ఖాళీలు నింపమని చెబుదాం. నీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఎన్నికైన అధ్యక్షులు చాలామంది మన సభ్యులే. పూడికతీత కొలతలు తీసేటప్పుడు వారు గట్టు మీద నిలబడాలి. కాలవలోకి నీళ్లు రాకముందే కొలవాలి, వచ్చాక కాదు.

జూన్ నెల సంచికలో ఆ కాగితాలన్నీ మండలాలవారీగా అచ్చు వేయమని సంపాదకవర్గాన్ని అడుగుతున్నాను. పూర్తయినవీ, కానివీ, రెండూ.

నవంబరు 6న సభలు పెట్టేచోట మత్స్యకార సోదరులను ముందు వరుసలో కూర్చోబెట్టండి. వరి రైతుల సభ అనిపించుకుంటే ఆ రోజుకు అర్థం ఉండదు. ఆ రాత్రి పోయినవారిలో ఎక్కువమంది వారే. తీర గ్రామాల్లో 1977 తరవాతా 1996 తరవాతా కట్టిన తుపాను షెల్టర్లలో ఎన్నింటికి తలుపులున్నాయి, ఎన్నింటిలో ధాన్యం బస్తాలో గడ్డిమోపులో ఉన్నాయి, ఎన్నింటికి పెచ్చులూడిపోయాయి అన్నది ఆ సభకు ముందే తిరిగి చూసి రండి. కాట్రేనికోన, ఐ.పోలవరం, అంతర్వేది వైపు వెళ్లే కమిటీల పేర్లు ఈ నెలాఖరుకే కార్యాలయానికి పంపితే బళ్ల ఏర్పాటు చూసుకోవచ్చు.